గెలిచింది సహంలో, ఎక్కింది ఓడినోళ్ల బస్సు

మెట్‌పల్లిలో మా టిఫిన్ సెంటర్‌కు పొద్దున్నే వచ్చేవాళ్ళంతా ఒకటే అడిగారు. "ఒమన్‌ల ఏం జూసినవ్ పద్మక్కా?" కోటలు చూశావా, ఒంటెనెక్కావా, బంగారం తెచ్చావా అని. మూడింటికీ లేదన్నాను. క్రికెట్ చూసి వచ్చానంటే ప్లేటు కింద పెట్టి మరీ నవ్వారు. క్రికెట్ మన జూనియర్ కాలేజీ వెనక లేదా, దానికి విమానం ఎక్కాలా అన్నారు. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూర్చుంటే పెనం మాడిపోతోంది. అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడు గంగాధర్ ఒమన్‌లో సహం అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉంటాడు. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం. శుక్రవారం సెలవు. ఆరోజు అక్కడి మనవాళ్ళు కొందరు కలిసి క్రికెట్ ఆడతారు. జట్టు పేరు 'సహం సింహాలు'. వాడు ప్రతి వారం ఫోన్లో వీడియోలు పంపితే, నేను పిండి రుబ్బుకుంటూ చూసేదాన్ని. చూసీ చూసీ నాకు పిచ్చి పట్టింది. లింబాద్రి బంతి వేసే ముందు ముక్కు రుద్దుకుంటే అది నెమ్మదిగా వస్తుందని నాకు తెలుసు. మా గంగాధర్ క్యాచ్ కోసం రెండు చేతులూ పైకెత్తాడంటే బంతి నేల మీద పడుతుందని కూడా తెలుసు.

ఈ జట్టుకు ఒక శాపం ఉంది. ఏ ఊరికి పోయినా గెలిచి వస్తారు. సొంత గ్రౌండ్‌లో మాత్రం ఒక్కసారీ గెలవలేదు.

చలికాలంలో ఒకరోజు తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు దిగాలుగా ఉంది. "అక్కా, లింబాద్రిని, ఇంక ముగ్గుర్ని కంపెనీ రైసూత్‌కు పంపుతున్నది. అది ఈ దేశం ఆ కొసకు ఉంటది. వచ్చే శుక్రవారం రూవి వాళ్ళతోని మ్యాచ్. గదే ఆఖరిది. ఇగ టీమ్ ఉండదు."

"ఎక్కడ ఆడుతున్నరు?"

"ఇక్కడ్నే. మన గ్రౌండ్‌ల."

"వీసా పంపు," అన్నాను.

మస్కట్ విమానాశ్రయం

నా పెట్టెలో చీరలకంటే మినప్పప్పు ఎక్కువ. దాని పక్కన పెద్ద ఇడ్లీ పాత్ర. మిషన్‌లో ఏం కనబడిందో ఏమో, నల్లటి బుర్ఖాలాంటి అబాయా వేసుకున్న కస్టమ్స్ అమ్మాయి పెట్టె తెరవమంది. గుంటల గుంటల పళ్ళేలు ఒకదానిమీద ఒకటి ఉంటే తిప్పి తిప్పి చూసింది. నేను పిండి పోసినట్టు, మూత పెట్టినట్టు, ఆవిరి లేచినట్టు చేతులతో చేసి చూపించాను. ఆఖర్న ఉబ్బిన ఇడ్లీని చూపించడానికి బుగ్గలు కూడా పూరించాను. ఆ పిల్ల పక్క కౌంటర్‌లో ఉన్న ఇంకో పిల్లను పిలిచింది. నాతో మళ్ళీ మొదటినుంచి చేయించారు. ఇద్దరూ నవ్వి పంపించారు. వాళ్ళకు అర్థమైందో, రెండోసారి చూడాలనిపించిందో ఇప్పటికీ తెలియదు.

సహం, ఖాజా ఇల్లు

మస్కట్ దాటాక రోడ్డు సముద్రాన్ని పట్టుకుని పోతుంది. ఒకవైపు ఖర్జూరపు తోటలు, రెండోవైపు దూరంగా బోడికొండలు. దారిలో టీ కొట్టు ముందు కారు ఆపి తమ్ముడు హారన్ కొట్టాడు. దిగుతాడేమో అనుకున్నాను. లోపలినుంచి మనిషే పరుగెత్తుకొచ్చి కారు కిటికీ దగ్గర చాయ్ ఇచ్చి పోయాడు. కరక్ చాయ్ అంటారు, యాలకులు వేసి చిక్కగా మరిగించినది. కప్పు వంద బైసా, అక్కడి చిల్లర. పరాటాలో చీజ్ రాసి, ఆలూ చిప్స్ నలిపి పోసి చుట్టి ఇచ్చారు. మా ఊళ్ళో హారన్ కొట్టి టిఫిన్ తెమ్మంటే నేను గరిటె పట్టుకొని పోతాను.

నన్ను జట్టు కెప్టెన్ ఖాజా ఇంట్లో దింపాడు. ఖాజాది కడప. సహంలో దర్జీ దుకాణం, భార్య షమీమ్‌తో కాపురం. "రా అక్కా, బాగుండావా? నిన్ను ఫోన్లో చూసి చూసి మా ఇంటి మనిషి మాదిరే అయిపోయినావు," అన్నాడు. షమీమ్ చేపల పులుసు వండింది. పొద్దున ఒడ్డుకు వచ్చిన వంజరం. ముక్క నోట్లో పెట్టుకోగానే ఇంకో ముక్క వేయమన్నాను.

తిన్నాక అసలు సంగతి అడిగాను. సొంత గ్రౌండ్‌లో ఎందుకు ఓడిపోతున్నారు?

ఖాజా తల గోక్కున్నాడు. "ఇక్కడ ఒక పద్ధతుండాది అక్కా. ఎవురి ఊర్లో మ్యాచ్ జరిగితే వాళ్ళే వచ్చినోళ్ళకు వండిపెట్టల్ల. పొద్దున టిఫిను, మద్యాన్నం బిర్యానీ."

"వంట ఎవరు చేస్తరు?"

"మేమే. తెల్లారకముందే లేచి ఉల్లిగడ్డలు కోస్తాము. గ్రౌండ్‌లోకి పోయేసరికి నిద్రొస్తాది. పోయినసారి లింబాద్రికి కండ్లల్లో ఉల్లి ఘాటు దిగి, బంతి అంపైర్‌కేసి కొట్నాడు."

నేను, షమీమ్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. శాపం అంతా పొయ్యి దగ్గరే ఉంది. ఈసారి జట్టు పడుకోవాలి, వంట మా ఇద్దరిదీ అని తేల్చేశాం. బిర్యానీ షమీమ్ తీసుకుంది, టిఫిన్ నేను తీసుకున్నాను.

అప్పుడే నా బుర్రలో ఇంకో ఆలోచన వచ్చింది. ఇరవై ఏళ్ళుగా టిఫిన్లు అమ్ముతున్నాను. ఏది తింటే మనిషి చురుగ్గా పనికి పోతాడో, ఏది తింటే గోడకు ఆనుకొని కునుకు తీస్తాడో నాకు తెలుసు. రూవి వాళ్ళకు మర్యాద చేయాలి. గట్టిగా చేయాలి.

శుక్రవారం పొద్దున, టిఫిన్

గ్రౌండ్ అంటే గడ్డి అనుకునేరు. కంకర నేల. ఒక పక్క సముద్రపు గాలి, ఇంకో పక్క సయీద్ అనే ముసలాయన నిమ్మతోట. తోట చుట్టూ సిమెంటు ఇటుకల గోడ. బంతి గోడ దాటితే అవుట్, అది అక్కడి కట్టుబాటు. ఎందుకంటే ఒకసారి మేకకు దెబ్బ తగిలిందట. అప్పటినుంచి తోటలో పడ్డ బంతిని సయీద్ తిరిగి ఇవ్వడు.

రూవి రాకెట్లు చిన్న బస్సులో దిగారు. వాళ్ళంతా మస్కట్‌లోని రూవిలో దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. కెప్టెన్ శివ కాకినాడ అబ్బాయి. వచ్చీ రాగానే చేతులు జోడించి, "నమస్కారం అక్కా, గంగాధర్ వాళ్ళ అక్కగారు కదండీ," అన్నాడు. అంత మర్యాదగా అంటుంటే నాకు కొంచెం జాలేసింది. కొంచెమే.

మొదట పూరీలు, ఆలుగడ్డ కూర. తర్వాత పెసరట్టులో ఉప్మా. ఆ తర్వాత నా అసలు ఆయుధం, సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు దట్టంగా వేసి నూనెలో మెల్లగా కాల్చింది. కడుపులోకి దిగాక అది కదలదు, మనిషినీ కదలనివ్వదు.

"చాలండీ," అన్నాడు శివ.

"బస్సుల వచ్చిన్రు, ఎంత అలసిపోయిన్రో. ఇంకోటి తిను బిడ్డా."

తిన్నారు. ఒకతను బెల్టు ఒక బొక్క వదులు చేసుకోవడం చూసి షమీమ్ నా మోచేయి గిల్లింది. మా జట్టుకు మాత్రం తలా రెండు అరటిపండ్లు ఇచ్చాను. అంతా అనుకున్నట్టే జరిగేది, నేను చట్నీ కోసం వెనక్కి తిరగకపోతే. తిరిగి చూసేసరికి మా గంగాధర్, లింబాద్రి బస్సు చాటున నిలబడి సర్వపిండి నములుతున్నారు.

"నీకేమన్న బుద్ధున్నదా రా?"

"ఎన్నేండ్లయ్యిందక్కా ఇది తినక," అన్నాడు లింబాద్రి. నిర్మల్ దగ్గరి పల్లెటూరు అతనిది, తాపీ పని. అతను అట్లా అన్నాక ఇంకేం అంటాను. ఇంకో ముక్క నేనే పెట్టాను.

ఆట

మావాళ్ళు ముందు బ్యాటింగ్ చేశారు. రూవి వాళ్ళు బంతి వెంట పరుగెత్తడం పెళ్ళి భోజనం చేసినవాళ్ళు బస్సు కోసం పరుగెత్తినట్టే ఉంది. ఖాజా దంచాడు. మా తమ్ముడు సున్నాకు అవుటై వచ్చి నా పక్కన కూర్చుని, "సర్వపిండి ఎక్కువైంది," అన్నాడు.

తర్వాత వాళ్ళ వంతు. అప్పటికి నా పూరీలు అరగడం మొదలుపెట్టినట్టున్నాయి. శివ ఒక్కడే నిలబడి కొడుతున్నాడు. ఒక బంతి నేలమీద దొర్లుతూ తోట గేటు కిందినుంచి లోపలికి పోయింది. దొర్లి పోతే అవుట్ కాదు, నాలుగు పరుగులు. పైగా మా దగ్గర ఉన్న ఆఖరి బంతి అదే.

ఖాజా నా దగ్గరికొచ్చాడు. "అక్కా, నువ్వు పోయి అడుగు. ఆడమనిషివి, ఊరికి కొత్తదానివి. ఆయప్ప కాదనడు."

పోయాను. సయీద్ గేటు దగ్గరే ఉన్నాడు. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా, ఎంబ్రాయిడరీ టోపీ, చేతిలో కట్టె. బంతి గురించి నాకొచ్చిన హిందీలో అడిగాను. ఆయన అదేమీ విననట్టు, "బైఠో బెహన్, పహ్లే కహ్వా," అన్నాడు. కూర్చో, ముందు కాఫీ, అని. చెట్టు కింద చాప, చాప మీద ఖర్జూరాలు, చిన్న చిన్న గిన్నెల్లాంటి కప్పులు. కాఫీ చేదుగా, యాలకుల వాసనతో ఉంది. మర్యాదకు గటగటా తాగి కప్పు ముందుకు చాపాను. మళ్ళీ పోశాడు. తాగి చాపాను. మళ్ళీ పోశాడు. మనదగ్గర కప్పు ఖాళీ చేసి ఇస్తే చాలని అర్థం. అక్కడ ఇంకా కావాలని అర్థమట.

ఇంతలో గోడ అవతల కేకలు వినబడ్డాయి. రూవి వాళ్ళ సంచీలోనే ఒక బంతి దొరికిందట, ఆట మొదలైపోయింది. ఎవరో అరిచారు. ఎవరు అవుటయ్యారో తెలియదు. మళ్ళీ కేక. నేను మెట్‌పల్లి నుంచి వచ్చింది ఈ ఆట చూడటానికి. ఇక్కడ కూర్చుని కాఫీ మీద కాఫీ తాగుతున్నాను.

"చాచా, బస్. ఖేల్ దేఖ్నా హై," ఇక చాలు, ఆట చూడాలని ఏడుపు గొంతుతో అన్నాను.

ఆయన నవ్వి, కప్పు తీసుకుని అటూ ఇటూ రెండుసార్లు ఊపి చూపించాడు. అట్లా ఊపితేనే చాలని అర్థం. తర్వాత కట్టె పట్టుకుని లేచి, తన వెంట రమ్మన్నాడు. గోడ పక్కనే తోటకు నీళ్ళు పట్టే సిమెంటు తొట్టి ఉంది. మెట్లెక్కితే దాని గట్టు మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు. గ్రౌండ్ మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనబడుతోంది.

ఆయన ప్రతి శుక్రవారం అక్కడ కూర్చుని చూస్తాడట. "మేరే పడోసీ అచ్ఛా ఖేల్తే. మగర్ పకాతే జ్యాదా," అన్నాడు. నా పొరుగువాళ్ళు బాగానే ఆడతారు, కానీ వంట ఎక్కువ చేస్తారు, అని. మేము కనిపెట్టిన రహస్యం ఆయనకు ముందే తెలుసు.

ఆఖరి బంతి

ఆఖరి ఓవర్ లింబాద్రిది. ఒక బంతి మిగిలింది. రూవికి మూడు పరుగులు కావాలి. శివ బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. మా గంగాధర్‌ను ఖాజా ఎక్కడో దూరంగా, బంతి రాని చోట పెట్టాలనుకున్నాడు. ఆ చోటు సరిగ్గా మా గోడ కిందే.

లింబాద్రి ముక్కు రుద్దుకున్నాడు. నెమ్మది బంతి అని నాకు తెలిసింది. శివకు కూడా తెలిసిపోయినట్టుంది. ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి ఆకాశంలోకి లేచి మావైపే రాసాగింది.

దాన్ని వదిలేస్తే గోడ దాటుతుంది. దాటితే అవుట్, మేము గెలుస్తాం. మా తమ్ముడు చేయాల్సిందల్లా ఊరికే నిలబడటం. వాడు రెండు చేతులూ పైకెత్తాడు.

"వదిలెయ్ రా గంగా," అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. బంతి పెరిగి పెరిగి నా ముఖం మీదికే వస్తోంది. కళ్ళు మూసుకున్నాను.

'తప్' అని చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి బంతి సయీద్ ఒళ్ళో ఉంది.

అవతల గొడవ మొదలైంది. గంగాధర్ చేతికి తగిలి గోడ దాటిందని రూవి వాళ్ళు, తగల్లేదని మావాళ్ళు. "ఫీల్డర్ చెయ్యి తగిలాక దాటితే అది సిక్సండీ," అంటాడు శివ. "గోడ దాటినాక ఏందైనా అవుటే," అంటాడు ఖాజా. తెలుగు, హిందీ, ఇంగ్లీషు అన్నీ అయిపోయాయి. అంపైర్ పక్కవీధి టీకొట్టు మలయాళీ ఆయన. ఎండ కళ్ళల్లో పడి ఏమీ కనబడలేదన్నాడు. జుమ్మా నమాజుకు వేళవుతోంది. ఆఖరికి అందరూ గోడ దగ్గరికొచ్చి, స్థలం మీది కాబట్టి మీరే చెప్పండి అని సయీద్‌ను అడిగారు.

ఆయన బంతిని జేబులో వేసుకున్నాడు. "దీవార్ కే ఇస్ తరఫ్ ఆయా. ఖలాస్."

గోడకు ఇటువైపు వచ్చింది, అయిపోయింది. అంతే తీర్పు. లింబాద్రి కంకర మీద అట్లాగే కూర్చుండిపోయాడు. తర్వాత మావాళ్ళు అతన్ని ఎత్తుకుని తిప్పారు, దించేటప్పుడు ఒకసారి జారవిడిచారు కూడా. నేను తొట్టి గట్టు మీద నిలబడి ఎగిరాను. సయీద్ నా కొంగు పట్టి ఆపకపోతే నీళ్ళల్లో పడేదాన్ని. గెలిచిన బంతి గుర్తుగా ఇమ్మని ఖాజా ఎంత బతిమాలినా, ఆ బంతిని కూడా ఆయన ఇవ్వలేదు.

బిర్యానీ

నమాజు నుంచి వచ్చాక షమీమ్ బిర్యానీ వడ్డించింది. లింబాద్రి నా పక్కన కూర్చున్నాడు. "ఎల్లుండి పోవాలె అక్కా," అన్నాడు. "రైసూత్‌ల గ్రౌండ్ ఉంటదో లేదో."

"కంకర లేని ఊరుంటదా?" అన్నాను. అతను నవ్వి, ఇంకాస్త పెట్టమని ప్లేటు చాపాడు.

ఎదురుగా మా తమ్ముడు బిర్యానీని చెంచాతో తింటున్నాడు. వాడు పుట్టినప్పటినుంచి ఎరుగుదును, చెంచా ముట్టడు. పరీక్షగా చూస్తే కుడిచేతి చిటికెన వేలు వంకాయలా ఉబ్బి ఉంది. వాడు నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశాను. ఇద్దరం పెరుగు వేసుకున్నాం.

ఓడినోళ్ల బస్సు

మర్నాడు నా తిరుగు విమానం. ఆరోజు సాయంత్రమే తమ్ముడు నన్ను మస్కట్‌లో దింపాలి. ఇంతలో ఎవరిదో కోళ్ళఫారంలో కరెంటు పోయిందని ఫోనొచ్చింది, వాడు పరుగెత్తాడు. అప్పుడు శివ అన్నాడు, "మా బస్సులో సీట్లున్నాయండీ అక్కా. రూవిలో మా ఇంట్లో ఉండండి. మా ఆవిడ సంతోషపడుద్ది. పొద్దున నేనే విమానం ఎక్కిస్తాను."

మర్యాద పేరుతో కడుపు బరువెక్కించి ఓడించిన మనుషుల మధ్య కూర్చుని రెండు గంటలు ప్రయాణం చేయాలి. నవ్వు రాకుండా కిటికీలోంచి ఖర్జూరపు చెట్లనే చూస్తున్నాను. ఇంతలో నా ఫోన్ మోగింది. మావాళ్ళు పంపిన వాయిస్ మెసేజ్. ఎక్కడ నొక్కానో, బస్సు మొత్తం వినబడేలా గిన్నెల దరువుతో పాట మొదలైంది. "రూవి రాకెట్టు తుస్, రూవి రాకెట్టు తుస్." ఆపుదామని నొక్కితే మళ్ళీ మొదటినుంచి వచ్చింది.

డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు. శివ ముందు సీట్లోంచి మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అక్కా, ఒక్కమాట అడుగుతాను. గోడ మీద మీరే ఉన్నారు. నిజం చెప్పండి. గంగాధర్ చేతికి తగిలిందా, లేదా?"

బస్సంతా నావైపు చూసింది.

"నేను కండ్లు మూసుకున్న బిడ్డా," అన్నాను. "బంతి నా మీదికే వచ్చింది. భయమైంది. గంత దూరం నుంచి వచ్చి, ఆఖరి బంతి నేనే చూడలే."

వెనక సీట్లో ఒకతను కిసుక్కున నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పొద్దున్నుంచి ఆపుకున్నదంతా. వేలి సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

బర్కా దగ్గర

దారిలో బర్కా అనే ఊరి దగ్గర చాయ్‌కి ఆగాం. శివ ఒక్క గుక్కలో తాగేసి, "అక్క పాపం ఆఖరి బంతి చూడలేదర్రా. చూపిద్దాం," అన్నాడు. బస్సులోంచి బ్యాట్ తీశారు. పరాటాలు చుట్టిన వెండి కాగితాలన్నీ కలిపి బంతిలా ఉండ చేశారు. బస్సే గోడ. ఒకతను తలకు తువ్వాలు చుట్టుకుని సయీద్‌లా బస్సు మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకొకతను గంగాధర్ వేషం. అసలు గంగాధర్ కూడా అంత బాగా చేతులెత్తి నిలబడడు. నన్ను పక్కన నిలబెట్టారు.

"ఈసారి కళ్ళు మూసుకోకండి," అన్నాడు శివ.

బంతి వేసినతను ముక్కు కూడా రుద్దుకున్నాడు. అంటే ఆ రహస్యం వాళ్ళకూ తెలుసన్నమాట. శివ ఉత్తుత్తిగా కొట్టాలి, గంగాధర్ వేషంలోని వాడి చేతికి తగలాలి, అది సిక్సని నాకు చూపించాలి, అదీ వాళ్ళ పథకం. కానీ బంతి దగ్గరికి రాగానే శివకు ఏమైందో, పొద్దుటి కోపమంతా బ్యాట్‌లోకి తెచ్చుకుని బలంగా బాదాడు. వెండి ఉండ తళతళలాడుతూ గంగాధర్ చేతులకు ఎంతో ఎత్తున, సయీద్ తువ్వాలు మీదుగా బస్సు దాటి అవతల పడింది.

రూవి వాళ్ళంతా ఎగిరి కేకలు పెట్టారు. ఒకరినొకరు వాటేసుకున్నారు. అప్పుడు మెట్ల మీది సయీద్ తువ్వాలు విప్పుకుంటూ నెమ్మదిగా అన్నాడు, "ఒరేయ్ శివా, గోడ దాటింది కదరా."

అందరూ ఆగిపోయారు. శివ బస్సును చూశాడు. బ్యాట్‌ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

నేను చేతులు కట్టుకుని నిలబడదామనే అనుకున్నాను. వాళ్ళ బస్సులో పోతున్నాను, రాత్రికి వాళ్ళింట్లో అన్నం తినాలి. కానీ ఈసారి కళ్ళారా చూశాను కదా. చాయ్ కప్పు బస్సు మెట్టు మీద పెట్టి, రెండు చేతులా చప్పట్లు కొట్టాను.